యుద్ధము ముగిసిన పిదప హద్దురాళ్లు

కీసరగుట్ట దిగి ఉప్పలు చేరువారికి మెట్రో స్తంభములును, నాచారపు కర్మాగారములును కంటబడును గాని, ఆ ఉప్పలులోనే భారత సర్వేక్షణ సంస్థవారి శిక్షణాలయ మొకటి కలదనియు, అది 1960వ దశకమున ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు సాహాయ్యముతో వెలసినదనియు ఎరిగినవారు స్వల్పులు. పరుల చేయూతతో పుట్టిన ఆ సంస్థయే తదుపరి ఆసియా, ఆఫ్రికా దేశముల ఉద్యోగులకు భూమి కొలుచుటయు, పటములు గీయుటయు నేర్పినది. యుద్ధమున చితికిన దేశము కోలుకొనుటకు ఈ విద్యతో పనియేమని పాఠకు లడుగవచ్చును.

విదేశ సాహాయ్యమనగానే మార్షల్ ప్రణాళిక స్ఫురించును. 1948 మొదలు 1952 వరకు అమెరికా పశ్చిమ ఐరోపాకు సుమారు 1,300 కోట్ల డాలర్ల సాహాయ్య మొసగెను. అందు అధికభాగము రొక్కముగా గాక ధాన్యము, బొగ్గు, ప్రత్తి, యంత్రముల రూపమున వచ్చినది. ఆ సరకు కొన్నవారు స్వదేశపు నాణెములతో చెల్లించిన మూల్యము ప్రత్యేక నిధిగా కూడి, జర్మనీలో 1948లో స్థాపితమైన పునర్నిర్మాణ బ్యాంకు ద్వారా గనులకును, విద్యుత్కేంద్రములకును, గృహములకును ఋణమై వెడలి, వసూలై, మరల వేరొకరికి చేరుచుండెను. చక్కని ఏర్పాటే. కాని ఋణమిచ్చు బ్యాంకునకు తాకట్టు కావలెను. తాకట్టునకు, ఈ నేల ఫలానివానిదని చెప్పు కాగితము కావలెను. నగరములు కూలినను జర్మనీలో నిపుణులును, ఆస్తి హక్కుల వ్యవస్థయు పూర్తిగా నశింపలేదు.

కంబోడియాకు ఆ భాగ్యము లేకపోయెను. 1975–79 నడుమ ఖ్మేర్ రూజ్ పాలకులు సొంత ఆస్తినే రద్దుచేసి, భూమి దస్తరములను నాశన మొనర్చిరి. వలసపోయి తిరిగివచ్చినవారు దొరికినచోట గుడిసె వేసికొనిరి. గట్టు జరిపినారని కోర్టుకెక్కిన మన రైతులకు ఇట్టి అవస్థను వివరింప బనిలేదు. 2002లో ప్రపంచ బ్యాంకు, జర్మనీ, ఫిన్లాండుల సాహాయ్యముతో కొలతలు మొదలై, పది లక్షలకు పైగా పట్టాలు చేతికందెను.

అయితే కొలిచినచోట్లు పల్లెలే ఎక్కువ. విలువగల నేల పట్నములలో నుండెను. నామ్ పెన్ నగరమున బోయుంగ్ కాక్ చెరువు చుట్టునున్న పేదలకు పట్టాలు నిరాకరించి, ఆ ప్రదేశమును ప్రభుత్వము ఒక సంస్థకు కౌలుకిచ్చెను. ప్రపంచ బ్యాంకుతో వివాదము రాగా 2009లో సర్కారే ఆ పట్టాల పథకమును ముగించెను. బ్యాంకు కొత్త ఋణములను నిలిపినట్లు 2011లో వెల్లడియగునాటికి చెరువు చాలవరకు ఇసుకతో పూడిపోయి యుండెను. వేలాది కుటుంబములు తరలిపోయినవి. నిలిచియున్నవారికి మాత్రము, అదే యేట, 12.44 హెక్టార్లు దక్కెను.