సూరత్‌లో తెలుగు ఛానల్ రాకపోతే... లోపం ఎక్కడుందో తెలుసుకోవడమెలా?

సూరత్: లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో మరమగ్గాలను నమ్ముకొని స్థిరపడిన తెలుగు కుటుంబాలకు టీవీ కేవలం కాలక్షేపం కాదు. గుజరాతీ, హిందీ వినిపించే నగరంలో సొంతూరి మాట రోజూ ఇంట్లోకి వచ్చే దారుల్లో అది ఒకటి. పురపాలక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా నడుస్తున్న నగరమిది. ఇంటి పట్టున ఉండే వృద్ధులకు వార్తలు, పిల్లలకు భాష ఆ తెర నుంచే అందుతాయి. అయితే ప్రసారాలు అనలాగ్ నుంచి డిజిటల్‌కు మారిన తర్వాత ఆ తెర చెప్పా పెట్టకుండా నల్లబడిపోతుంటుంది. చాలా సందర్భాల్లో కారణం చిన్నదే. కొత్త టీవీకో, కొత్త బాక్సుకో డబ్బు పెట్టే ముందు వరుసగా పరిశీలించవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి.

మార్పు ఎలా జరిగింది?

కేబుల్ టెలివిజన్ చట్టానికి 2011లో చేసిన సవరణతో దేశంలో కేబుల్ డిజిటలీకరణ నాలుగు దశల్లో సాగింది. రెండో దశలో 38 నగరాలకు 2013 మార్చి 31 గడువుగా నిర్ణయించారు. సూరత్‌తో పాటు హైదరాబాద్, విశాఖపట్నం కూడా ఆ జాబితాలోనివే. గ్రామీణ ప్రాంతాలకు నాలుగో దశ గడువు 2017 మార్చి 31 వరకు సాగింది. అంటే సూరత్‌లో ఉన్నవారికి సెట్ టాప్ బాక్సు తప్పనిసరి అయిన నాలుగేళ్ల వరకూ సొంతూరి బంధువులకు గడువు మిగిలే ఉంది.

దూరదర్శన్ భూతల ప్రసారాల కథ వేరు. 2016 ఫిబ్రవరిలో 16 నగరాల్లో డిజిటల్ భూతల ప్రసారాలు మొదలైనప్పుడు గుజరాత్ నుంచి అహ్మదాబాద్‌కు చోటు దక్కింది, సూరత్‌కు దక్కలేదు. వ్యూహాత్మక ప్రాంతాల్లోని సుమారు 50 మినహా మిగిలిన అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2022 మార్చి 31 నాటికి నిలిపివేయనున్నట్లు ప్రసార భారతి 2021లో ప్రకటించింది. కాబట్టి డాబాపై పాత యాంటెన్నాను ఎంత తిప్పినా ఫలితం ఉండదు. నెలవారీ చందా లేకుండా దూరదర్శన్ చూడాలంటే డీడీ ఫ్రీ డిష్ ప్రధాన మార్గం.

అప్పటికీ ఇప్పటికీ తేడా

అనలాగ్ రోజుల్లో సిగ్నల్ తగ్గుతుంటే బొమ్మ క్రమంగా మసకబారేది. తెరపై చుక్కలు కమ్ముకున్నా మాట వినిపించేది. డిజిటల్‌లో అలా ఉండదు. బొమ్మ అంకెల రూపంలో వస్తుంది. దారిలో కొన్ని అంకెలు చెడినా బాక్సు వాటిని సరిదిద్దుకొని పూర్తి స్పష్టతతో చూపిస్తుంది. చెడినవి దాని శక్తికి మించిన క్షణంలో బొమ్మ గళ్లు గళ్లుగా విరిగి, ఆగి, మాయమవుతుంది. నిన్నటి వరకు అద్దంలా వచ్చిన బొమ్మ నేడు లేదంటే ఏదో పెద్ద భాగం కాలిపోయిందని అనుకోనక్కరలేదు. అంచున నిలిచిన సిగ్నల్ ఒక్క మెట్టు దిగి ఉండవచ్చు.

మొదట చూడవలసినవి

తెరపై వచ్చే సందేశాన్ని ముందుగా గమనించాలి. ‘నో సిగ్నల్’ అని టీవీ చెబుతోందా, బాక్సు చెబుతోందా అన్నది కీలకం. రిమోట్‌లో మెనూ నొక్కితే బాక్సు మెనూ కనిపించాలి. కనిపించకపోతే లోపం బాక్సుకూ టీవీకీ మధ్యనే ఉంది. టీవీలో ఏవీ లేదా హెచ్‌డీఎంఐ ఎంపిక మారిపోయి ఉండవచ్చు, తీగ వదులై ఉండవచ్చు. మెనూ కనిపించి ఛానళ్లు రాకపోతే లోపం బాక్సుకు వచ్చే సిగ్నల్‌లోనో, చందాలోనో ఉంది.

ఆ తర్వాత బాక్సును ఆపి, ప్లగ్ తీసి, కొద్ది నిమిషాలాగి మళ్లీ పెట్టాలి. కేబుల్ చివరి మరను విప్పి చూడాలి. సముద్రపు గాలి తగిలే నగరంలో ఆరుబయటి కనెక్టర్లకు తుప్పు పట్టడం సహజం. లోపలి రాగి తీగ నల్లబడితే చివర కత్తిరించి కొత్త కనెక్టర్ వేయించాలి. ఒకే కేబుల్‌ను స్ప్లిటర్‌తో రెండు గదులకు పంచితే ఒక్కో గదికి చేరేది సగం కంటే తక్కువ శక్తి. స్ప్లిటర్ తీసి నేరుగా కలిపినప్పుడు బొమ్మ వస్తే లోపం తెలిసిపోయినట్లే.

డిష్ ఊరు మారితే

ఊళ్లో వాడిన ఫ్రీ డిష్‌ను సామానుతో పాటు తెచ్చుకునేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఈ ప్రసారాలు తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల వద్దనున్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తాయి. హైదరాబాద్ నుంచి చూస్తే అది ఆకాశంలో సుమారు 63 డిగ్రీల ఎత్తున ఉంటుంది. సూరత్ నుంచి సుమారు 56 డిగ్రీలే. దిశ కూడా ఆగ్నేయం వైపు మరికొంత జరుగుతుంది. పాత బిగింపునే ఉంచితే సిగ్నల్ దొరకదు. ఆగ్నేయ దిక్కున ఎత్తైన భవనం, చెట్టు అడ్డు లేకుండా చూసుకోవాలి.

బాక్సు మెనూలో రెండు కొలతలు కనిపిస్తాయి: సిగ్నల్ బలం, సిగ్నల్ నాణ్యత. డిష్ వేరే వైపు చూస్తున్నప్పుడు కూడా బలం ఎక్కువగా కనిపించవచ్చు. నమ్మవలసింది నాణ్యతనే. డిష్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ, ప్రతిసారీ కొన్ని క్షణాలు ఆగి, నాణ్యత అత్యధికంగా ఉన్న చోట బిగించాలి. డాబా అంచున, విద్యుత్ తీగల దగ్గర ఈ పనికి సొంతంగా పూనుకోవద్దు.

వాన, ఎండ, గాలిపటం

భారీ వర్షంలో బొమ్మ పోయి, వాన తగ్గగానే వస్తే అది లోపం కాదు. కేయూ బ్యాండ్ తరంగాలను వాన నీరు పీల్చుకుంటుంది. చినుకులకే పోతుంటే మాత్రం డిష్ గురి తప్పిందని అర్థం. మార్చి మొదటి పక్షంలో, మళ్లీ సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో కొన్ని రోజులపాటు ఉదయం 11 గంటల ప్రాంతంలో కొద్ది నిమిషాలు అంతరాయం కలగవచ్చు. ఆ సమయంలో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనుకకు వస్తాడు. దేన్నీ కదపకుండా ఆగితే చాలు. ఉత్తరాయణం నాడు గాలిపటాల కోసం డాబాలన్నీ నిండిపోతాయి. ఆ మర్నాడు బొమ్మ రాకపోతే డిష్‌కు ఎవరి చేయో దారమో తగిలిందేమో ముందు చూడాలి.

తెలుగు ఛానళ్లే రాకపోతే

మిగిలినవన్నీ వస్తూ తెలుగు మాత్రమే రాకపోతే డిష్‌ను ముట్టుకోవద్దు. ఫ్రీ డిష్‌లో కొన్ని ఛానళ్లు ఎంపెగ్-2 పద్ధతిలో, మరికొన్ని ఎంపెగ్-4లో వస్తాయి. రెండో రకాన్ని పాత బాక్సులు చూపలేవు. మొదట ఛానళ్లను మళ్లీ వెతికించి, డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి జాబితాలో చేరాయో లేదో చూడాలి. చేరకపోయినా, పేరు కనిపించి బొమ్మ రాకపోయినా బాక్సు ఏ తరానిదో విచారించాలి. 2020 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల డిజిటల్ తరగతులు యాదగిరిలోనే ప్రసారమయ్యాయి. ఇలాంటి ఛానల్ లేకపోవడం చిన్న లోటు కాదు.

కేబుల్ వినియోగదారుల సమస్య తరచుగా సాంకేతికమైనది కాదు, చందాకు సంబంధించినది. 2019 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చిన ట్రాయ్ విధానం ప్రకారం వినియోగదారుడు తాను కోరిన ఛానళ్లను విడివిడిగా ఎంచుకోవచ్చు. స్థానిక ప్యాకేజీలో తెలుగు లేకపోతే కావలసిన ఛానళ్ల పేర్లు, ఒక్కొక్కదాని ధర అడిగి చేర్పించుకోవాలి. ఆపరేటర్ వద్ద ఆ ఛానల్ ప్రసారమే లేదంటే బాక్సు మార్చినా ఉపయోగం ఉండదు.

ఫిర్యాదు చేసే ముందు

పొరుగింట్లో బొమ్మ వస్తోందా, ఎన్ని ఛానళ్లు పోయాయి, ఏ సమయంలో పోతున్నాయి, తెరపై ఏ సంఖ్య కనిపిస్తోంది అన్న నాలుగు విషయాలు రాసిపెట్టుకోవాలి. పొరుగున అదే ఆపరేటర్ కనెక్షన్‌లోనూ రాకపోతే లోపం వీధిలోనిది, బాధ్యత ఆపరేటర్‌ది. ఫిర్యాదు సంఖ్యను తప్పక తీసుకోవాలి. ఈ వివరాలు చేతిలో ఉంటే భాష పూర్తిగా రాని చోట కూడా మాట సూటిగా చెప్పవచ్చు, అవసరం లేని మరమ్మతుకు కూలి డబ్బు పోకుండా కాపాడుకోవచ్చు.