సింహాసనం లేని రాజ్యాంగం

'రాజ్యాంగం' అనే మాట మొన్న మొన్న పుట్టింది కాదు. అమరకోశం వల్లె వేసిన పాతకాలపు విద్యార్థి నెవరినైనా అడగండి. రాజ్యాంగాలు ఏడు అని వేళ్ల మీద లెక్క పెడతాడు: స్వామి, అమాత్యుడు, మిత్రుడు, కోశం, రాష్ట్రం, దుర్గం, బలం. స్వామి అంటే రాజు. ఏడింటిలోనూ మొదటివాడు ఆయన. తక్కిన ఆరూ ఆయన చేతి కింద నడిచేవే. తెలుగు పాఠం చెప్పుకొని బతికే నాకు ఈ మాట చూసినప్పుడల్లా ఒక సంగతి తోస్తుంది. 1950 జనవరి 26న మనవాళ్లు ఆ పాత మాటను అలాగే ఉంచుకొని, అందులోని మొదటి అంగాన్ని మాత్రం తీసివేశారు.

1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యం వచ్చిన మాట నిజమే. కాని ఆ తరువాత కూడా రెండున్నరేళ్ల దాకా, పేరుకైనా సరే, మన దేశాధినేత లండనులో ఉన్న ఆరవ జార్జి రాజే. బాబూ రాజేంద్ర ప్రసాద్ రాష్ట్రపతిగా ప్రమాణం చేసిన రోజుతో ఆ ముచ్చట తీరిపోయింది. మనం రిపబ్లిక్ అయ్యాం, గణతంత్రం అయ్యాం. దేశాధినేత పదవి వంశంతో రాదు, ఎన్నికతో వస్తుంది. అయిదేళ్లతో గడువు తీరుతుంది. ఇంగ్లండులోనూ ప్రజలే ఓట్లు వేసి ప్రభుత్వాన్ని ఎన్నుకొంటారు. అయినా అక్కడ కిరీటం ఉంది కనుక అది రిపబ్లిక్ కాదు.

ఇంతవరకు చెప్పి ఊరుకొంటే పరీక్షలో మార్కులు వస్తాయి గాని, అసలు చిక్కు విడిపోదు. ఒకసారి మా తరగతిలో ఒక కుర్రవాడు లేచి, "మాస్టారూ, ఓట్లు ఎక్కువ వచ్చినవారే కదా పాలించాలి? మధ్యలో ఈ కోర్టులు అడ్డుపడడమేమిటి?" అన్నాడు. మంచి ప్రశ్న. ఖాళీ అయిన సింహాసనం మీద ఓట్లు ఎక్కువ వచ్చినవాణ్ణి కూర్చోబెడితే పేరు మారుతుంది గాని తీరు మారదు. ఆ పీఠం మీద ఎవరూ కూర్చోకుండా చూడడమే మన రాజ్యాంగం తలపెట్టిన పని. ఎలాగో చూడండి.

మొదట అమాత్యుల సంగతి. కార్యనిర్వాహక అధికారమంతా రాష్ట్రపతి పేర ఉంటుంది. కాని ఆయన మంత్రిమండలి సలహా ప్రకారమే నడవాలి. కావలిస్తే ఒకసారి పునరాలోచించమని తిప్పి పంపవచ్చు, అంతే. మంత్రులు పెద్దవారా అంటే, వాళ్లు లోక్‌సభకు జవాబుదారులు. 1999 ఏప్రిల్‌లో వాజపేయి ప్రభుత్వానికి అనుకూలంగా 269 ఓట్లు, ప్రతికూలంగా 270 వచ్చాయి. ఒక్క ఓటు! దేశమంతటినీ ఏలుతున్న ప్రభుత్వం ఆ ఒక్క ఓటుతో దిగిపోయింది. ఒక్క తుపాకీ పేలలేదు. పాత రాజుల చరిత్రలో ఇలాంటి సాయంత్రం ఎక్కడైనా ఉన్నదేమో వెదకండి.

ఇక కోశం. ఉమ్మడి కుటుంబంలో పెత్తనం చేసే పెద్దాయన పెట్టె తాళం తన మొలలోనే ఉంచుకొని లెక్క చెప్పకపోతే ఇల్లెలా ఉంటుందో మన ఆడవారికి వేరే చెప్పనక్కరలేదు. అందుకే చట్టం లేనిదే ఒక్క పైసా పన్ను వసూలు చేయరాదన్నారు. వసూలైన సొమ్ము సంచిత నిధిలో పడుతుంది. చట్టసభ అనుమతి లేనిదే అందులోంచి తీయరాదు. ఖర్చయిన తరువాత కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ లెక్కలు చూసి, ఆ నివేదిక చట్టసభ ముందుకు వచ్చేలా చేస్తాడు. ఖర్చు పెట్టేది ఒకరు, అనుమతి ఇచ్చేది ఒకరు, లెక్క చూసేది ఇంకొకరు.

సరే, చట్టాలు చేసే పార్లమెంటే పెద్దదనుకొందామా? దానికీ హద్దుంది. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని 1967లో గోలక్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పదకొండుగురు న్యాయమూర్తుల్లో ఆరుగురు ఆ పక్షం. వారికి ముందు నిలిచినవారు మన రాజమహేంద్రవరం నుంచి వెళ్లిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు. 1973లో కేశవానంద భారతి కేసులో పదమూడుగురు కూర్చున్నారు. రాజ్యాంగాన్ని సవరించుకోవచ్చు గాని దాని మూల స్వరూపాన్ని చెరపరాదని ఏడుగురు తేల్చారు. ఇల్లు బాగు చేసుకోవచ్చు, గదులు పెంచుకోవచ్చు; పునాది తవ్వరాదన్నమాట.

మరి కంచే చేను మేస్తే? అదీ చూశాం. 1975 జూన్ 12న ప్రధాని ఇందిరా గాంధీ ఎన్నిక చెల్లదని అలహాబాదు హైకోర్టు తీర్పు చెప్పింది. 25న రాత్రి ఎమర్జెన్సీ వచ్చింది. ప్రతిపక్షాల పెద్దలు జైళ్లకు వెళ్లారు. పత్రికలకు సెన్సారు పడింది. ప్రధాని ఎన్నికను కోర్టులు విచారించరాదని రాజ్యాంగాన్నే సవరించారు. ఆ నవంబరులో సుప్రీంకోర్టు ఆమె ఎన్నిక చెల్లుతుందని చెబుతూనే, ఆ సవరణలోని ఈ భాగాన్ని కొట్టివేసింది. కాని మరుసటి ఏడు, 1976లో, నిర్బంధంలో ఉన్నవాడు ప్రాణం కోసమైనా కోర్టు తలుపు తట్టరాదన్న వాదనకు అయిదుగురిలో నలుగురు న్యాయమూర్తులు తల ఊపారు. కాదన్నవారు హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనకు దక్కలేదు. రాజీనామా చేసి వెళ్లిపోయారు. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులతో చెప్పడానికి 2017 దాకా పట్టింది.

కనుక పుస్తకంలో రాసి ఉన్నంత మాత్రాన చాలదు. ఒక అంగం పడిపోయినప్పుడు ఇంకొకటి నిలబడాలి. 1977 మార్చిలో ఓటరు నిలబడ్డాడు. ఆ తరువాత 1978లో, అంతర్గత కల్లోలం పేరు చెప్పి ఎమర్జెన్సీ పెట్టే వీలు లేకుండా, ప్రాణ రక్షణ హక్కును ఎమర్జెన్సీలో కూడా నిలిపివేయకుండా రాజ్యాంగాన్ని సవరించారు.

మన ఆంధ్ర ప్రదేశ్‌లోనూ ఒక పరీక్ష జరిగింది. 1984 ఆగస్టు 16న, శాసనసభలో బలం తేలకుండానే, గవర్నరు ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. జనం వీధుల్లోకి వచ్చారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ప్రభుత్వానికి బలముందో లేదో తేల్చవలసిన చోటు రాజ్‌భవన్ కాదు, శాసనసభే అని 1994లో, కర్ణాటకకు చెందిన బొమ్మై కేసులో, సుప్రీంకోర్టు స్థిరపరచింది. అంతకు పదేళ్ల ముందే మన జనం వీధుల్లో నిలబడి చెప్పిన మాట అది.

మా కుర్రవాడి ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. గెలిచినవారు పాలించడం ప్రజాస్వామ్యం. వాళ్లు హద్దులో ఉండి పాలించడం, ఓడినవారు ఇంట్లో నిశ్చింతగా నిద్రపోగలగడం రాజ్యాంగబద్ధమైన గణతంత్రం. ఇందిరా గాంధీ కథే చూడండి. 1977లో ఆమె రాయ్‌బరేలీలో తన సీటు కూడా పోగొట్టుకొన్నారు. పాతకాలపు రాజ్యాల్లో పీఠం దిగినవారి గతి ఏమయ్యేదో మనకు తెలుసు. ఆమెను అరెస్టు చేసినా కోర్టులు విడిచిపెట్టాయి. ఆమె ఊరూరా తిరిగారు, సభలు పెట్టారు, మళ్లీ ఓట్లు అడిగారు. 1980 జనవరిలో తిరిగి ప్రధాని అయ్యారు. అధికారంలో ఉండగా తనకు అడ్డుగా తోచిన ఆ రాజ్యాంగమే, ఓడిపోయిన నాడు ఆమెకు దారి తెరిచి ఉంచింది.