ఉల్లేఖనాల లెక్కలో ఎల్లాప్రగడ సుబ్బారావు

మెథోట్రెక్సేట్ అనే పేరు మీరు ఏదో ఒక మందుల చీటీలో చూసే ఉంటారు. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి నుంచి చీటీ పట్టుకొని బయటికి వచ్చేవారిలో కొందరికి అది కీళ్లవాతానికి రాసిన మందు, మరికొందరికి క్యాన్సర్‌కు రాసిన మందు. ఈ రసాయనాన్ని వర్ణించిన 1949 నాటి పత్రంలో సీగర్, కొసులిచ్, స్మిత్, హల్ట్‌క్విస్ట్ అనే నాలుగు పేర్లున్నాయి. వారి పరిశోధనశాలను నడిపించిన సుబ్బారావు పేరు మాత్రం లేదు.

ఒక శాస్త్రవేత్త కృషిని ప్రచురణలతో ఎలా కొలుస్తారో, ఆ కొలత ఎక్కడ తప్పుతుందో ఈ ఉదాహరణ ద్వారా పరిశీలిద్దాం.

ఒక పరిశోధన పత్రాన్ని తర్వాతి పత్రం ఆధారంగా పేర్కొంటే దాన్ని ఉల్లేఖనం అంటారు. వాడుకలో సైటేషన్ అనే మాటే ఎక్కువ. యూజీన్ గార్ఫీల్డ్ 1964లో 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్' వెలువరించిన తర్వాత వీటిని క్రమపద్ధతిలో లెక్కించడం సాధ్యమైంది. 2005లో జార్జ్ హిర్ష్ హెచ్-ఇండెక్స్‌ను ప్రతిపాదించారు. ఒక పరిశోధకుడి ఐదు పత్రాలకు వరుసగా 40, 12, 6, 3, 1 ఉల్లేఖనాలు వచ్చాయనుకోండి. కనీసం మూడేసి ఉల్లేఖనాలున్న పత్రాలు మూడైనా ఉన్నాయి. నాలుగేసి ఉన్నవి నాలుగు లేవు. కాబట్టి హెచ్-ఇండెక్స్ 3. ఇప్పుడు మొదటి పత్రానికి 40 బదులు 4,000 వేసి చూడండి. సూచిక 3 దగ్గరే ఆగిపోతుంది!

సుబ్బారావు విషయంలో ఇది ఊహా లెక్క కాదు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన మద్రాసులో వైద్యం చదివి, 1920లలో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశారు. రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రచురించారు. జీవరసాయనశాస్త్ర ప్రయోగశాలల్లో దశాబ్దాలపాటు నిత్యం వాడిన పద్ధతి అది. దాని ఉల్లేఖనాలు వేలల్లో ఉన్నాయి. 1929లో కండరాల నుంచి ఏటీపీని వేరుచేసిన సంగతి కూడా వారు ప్రకటించారు. అయినా ఏటీపీ గురించి ఇవాళ రాసేవారిలో చాలామంది 1929 పత్రాన్ని పేర్కొనరు. అది పాఠ్యపుస్తకంలోకి చేరిపోయింది. అందరికీ తెలిసిన విషయానికి ఆధారం చూపడం మానేస్తారు కాబట్టి, విజయం ఎంత పెద్దదైతే ఉల్లేఖనం అంత తగ్గడమూ జరుగుతుంది. సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఈ ధోరణిని ప్రత్యేకంగా గుర్తించారు.

హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లారు. కంపెనీ పరిశోధనలో పేటెంటుకు ఉన్న విలువ పత్రానికి ఉండదు. నాయకుడి పేరు వెనక్కి పోవడం అక్కడ మామూలే. ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణను తెలిపిన 1945 నాటి 'సైన్స్' వ్యాసంలో పదిమందికి పైగా రచయితలున్నారు. సుబ్బారావు వారిలో ఒకరు, అంతే.

ఇక్కడి నుంచి కథ పిల్లల వార్డుకు చేరుతుంది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు, ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలు ఇస్తే ల్యుకేమియా ముదురుతున్నట్లు అనిపించింది. అలాగైతే దాన్ని అడ్డుకునే రసాయనం రోగాన్ని తగ్గించాలి కదా! అటువంటి రసాయనాలను సుబ్బారావు బృందం తయారుచేసి ఇచ్చింది. వాటిలో అమినోప్టెరిన్‌తో చికిత్స పొందిన 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగు కనిపించిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ మెరుగు తాత్కాలికమే. అయినా క్యాన్సర్ రసాయన చికిత్సలో అదొక మలుపు. ఆ పత్రం రచయితల్లోనూ సుబ్బారావు లేరు. రెండు నెలలకే, ఆగస్టులో, ఆయన కన్నుమూశారు. గార్ఫీల్డ్ సూచిక రావడానికి ఇంకా 16 ఏళ్లుంది.

ఉల్లేఖనాల లెక్క పనికిరాదని దీనర్థం కాదు. ఏ పద్ధతి ఎంతమందికి ఉపయోగపడిందో చెప్పడానికి 1925 పత్రమే మంచి సాక్ష్యం. కానీ నియామక సంఘం ముందున్న దరఖాస్తులో ఒక్క అంకె మాత్రమే కనిపిస్తే, మందు తయారుచేయించిన మనిషి ఆ అంకెలో దొరకడు.

అభ్యాసం: ఒక పరిశోధకురాలి ఆరు పత్రాలకు 90, 15, 5, 5, 4, 0 ఉల్లేఖనాలు వచ్చాయి. హెచ్-ఇండెక్స్ ఎంత? ఆమె కృషిలో ఈ అంకె పట్టుకోలేని రెండు విషయాలను మీ సొంత మాటల్లో పది పంక్తులకు మించకుండా రాయండి.