కత్తెరనుండి కంప్యూటరునకు: రిచర్డ్ హామిల్టన్ చిత్రసంయోజనము

వేర్వేరు పత్రికలనుండి, ప్రకటనలనుండి కత్తిరించిన బొమ్మలను ఒక ఫలకముపై అంటించి కూర్చిన చిత్రమును పాశ్చాత్యులు 'కొలాజ్' అందురు. జిగురుతో అంటించుట అని ఆ ఫ్రెంచి పదమునకు అర్థము. ఇట్టి చిత్రమునకు అతుకు ప్రాణము. ఒక్కొక్క తునుక వేఱొకచోటినుండి వచ్చినదని చూపరికి తెలియుచుండుటయే అందలి చమత్కారము. కంప్యూటరు ఈ పనిని చేపట్టినపుడు అతుకు కానరాకుండ పోవును. అట్లయినచో కొలాజ్‌కు మిగులునదేమి? ఈ ప్రశ్నను విచారించుటకు ఆంగ్ల చిత్రకారుడైన రిచర్డ్ హామిల్టన్ కృషి మిక్కిలి అనువైనది. ఈతడు కత్తెరను, కంప్యూటరును రెండింటిని వాడినవాడు.

హామిల్టన్ 1922లో లండనునందు జన్మించి 2011లో మరణించెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున యంత్రపరికరముల నమూనాలు గీయు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసెను. పిదప స్లేడ్ కళాశాలలో చదివి, 1953 మొదలు 1966 వఱకు న్యూకాసిల్‌లో అధ్యాపకుడుగా నుండెను. కొలతయందును పద్ధతియందును ఈతనికిగల శ్రద్ధ ఆ డ్రాఫ్ట్స్‌మన్ అభ్యాసపు ఫలమని మా యభిప్రాయము.

1956లో లండనులోని వైట్‌చాపెల్ చిత్రశాలయందు 'ఇదియే రేపు' అను ప్రదర్శనము జరిగెను. దాని సూచీపుస్తకమునకును గోడపత్రికకును హామిల్టన్ ఒక చిన్న కొలాజ్ కూర్చెను. నేటి గృహములు ఇంత విలక్షణముగా, ఇంత ఆకర్షణీయముగా నుండుటకు కారణమేమి అని దాని పేరు. ప్రక్కకు 25, నిలువునకు 26 సెంటీమీటర్లే దాని పరిమాణము. అందొక గృహస్థుని గది. కండలు తిరిగిన పురుషుడు, సోఫాపై వివస్త్రయైన స్త్రీ, టెలివిజన్, టేపు రికార్డరు, డబ్బా మాంసము. పైకప్పుగా గోళాకారపు భూమి. పురుషుని చేతియందలి మిఠాయిపై 'పాప్' అను నక్షరములు కలవు. బొమ్మలు పెక్కు అమెరికా పత్రికలనుండి గ్రహింపబడినవి. విశేషమేమనగా, ఈతడు బొమ్మలు దొరికినట్లు అంటింపలేదు. పురుషుడు, స్త్రీ, ఆహారము, చలనచిత్రము, టెలిఫోను, అంతరిక్షము మొదలగు శీర్షికలతో ముందొక పట్టిక వ్రాసికొని, దాని ననుసరించి బొమ్మల నేరించెను. మఱుసటి యేడు ఒక లేఖలో పాప్ కళ లక్షణములను వరుసగా పేర్కొనెను. లక్ష్యము ముందు, లక్షణము తరువాత.

1987లో బి.బి.సి. ప్రసారము చేసిన కార్యక్రమమునందు హామిల్టన్ 'క్వాంటెల్ పెయింట్‌బాక్స్' అను యంత్రముపై పనిచేసి చూపెను. ఆ దశకముననే ఒక స్వీడిష్ సంస్థకై డి.ఎస్.-101 అను కంప్యూటరునకు రూపకల్పనయు చేసెను. ఇట్టి యంత్రము చిత్రమును సూక్ష్మబిందువులుగా విభజించి, ఒక్కొక్క బిందువు రంగును సంఖ్యగా నిలుపుకొనును. కావున బొమ్మను పెంచుట, కుదించుట, రంగు మార్చుట, అంచును మెత్తపఱచుట అన్నియు సంఖ్యలను మార్చుటయే. కత్తెరకు ఈ స్వాతంత్ర్యము లేదు. పత్రికలో అచ్చయిన పరిమాణమే దానికి పరిమితి. జిగురు ఆఱిన పిదప దిద్దుబాటు దుష్కరము. కంప్యూటరునందు వస్తువులన్నింటిపై ఒకే దిక్కునుండి వెలుగు పడునట్లు చేయవచ్చును. తప్పినచో వెనుకకు మరలవచ్చును.

1992లో హామిల్టన్ తన పాత ప్రశ్ననే మరల వేసి, కంప్యూటరుతో క్రొత్త గదిని కూర్చెను. కండలు తిరిగిన పురుషుని స్థానమున నట్టి స్త్రీ నిలిచెను. గదిలోనికి కంప్యూటరు ప్రవేశించెను. 2004లో మొదటి చిత్రమునే డిజిటల్ ముద్రణమున పునఃకల్పించి, దాని పేరునందలి క్రియను భూతకాలమునకు మార్చెను. నాటి 'నేటి గృహములు' నిన్నటివైనవని ఆ కాలభేదమే చెప్పుచున్నది.

2010 నాటి 'షాక్ అండ్ ఆ' అను చిత్రమున బ్రిటిష్ మాజీ ప్రధాని టోనీ బ్లేర్ నడుమున పిస్తోళ్లతో కౌబాయి వేషమున నిలిచియుండును. ఇందు తలకును దేహమునకును నడుమ అతుకు కంటికి తెలియదు. ఐనను చూచిన తోడనే ఇది కల్పనమని తెలియును. కంటికి మఱుగైన యతుకు అర్థమునందు నిలిచినది. ఇదియే మన ప్రశ్నకు సమాధానమని తలంతుము.

తాళపత్ర ప్రతులను పరిష్కరించువారికి ఈ విషయము క్రొత్తది కాదు. నాలుగు ప్రతుల పాఠములను కలిపి ఒక పద్యమును నిలుపునపుడు ఆ కలయిక పైకి కానరాదు. అందువలననే అడుగున పాఠాంతరముల నిచ్చుట విధి. ఇయ్యనిచో అది పరిష్కరణము కాదు, వంచన. కంప్యూటరు చిత్రమునందును అతుకును దాచు శక్తి పెరిగినకొలది దానిని తెలుపు బాధ్యత పెరుగును. యంత్రము కల్పించిన బొమ్మలు వార్తలుగా చలామణి యగుచున్న నేటి దినములలో ఈ విచక్షణ చిత్రకారులకే కాక పాఠకులకును అవసరము.

హామిల్టన్ చివరి కృతి బాల్జాక్ కథ నాధారము చేసికొన్నది. శయనించిన స్త్రీమూర్తి వెనుక టిషియన్, పూసిన్, కూర్బే అను మువ్వురు పూర్వ చిత్రకారులు నిలుతురు. ఆ కథయందలి వృద్ధ చిత్రకారుడు తన చిత్రమును ఏండ్లతరబడి దిద్ది దిద్ది తుదకు చెఱుపుకొనెను. హామిల్టన్ కృతియు ముగియకయే నిలిచెను. కంప్యూటరుతో కూర్చిన దాని మూడు రూపములు 2012లో లండన్ నేషనల్ గ్యాలరీయందు ప్రదర్శింపబడెను. దిద్దుటకు హద్దులేని యంత్రము చేత నున్నపుడు, ఎచ్చట ఆపవలెనో నిర్ణయించుట మనుష్యుని పనియే.