నాలుగు పాయింట్ల తేడాతో పతకం: హెప్టాథ్లాన్ లెక్క ఏమిటి?

2023 అక్టోబరు 1న చైనాలోని హాంగ్‌జౌ నగరంలో ఆసియా క్రీడల మహిళల హెప్టాథ్లాన్ ముగిసింది. తెలంగాణ అమ్మాయి అగసర నందిని 5,712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. నాలుగో స్థానంలో నిలిచిన స్వప్న బర్మన్‌కు 5,708 పాయింట్లు వచ్చాయి. స్వప్న అంతకుముందు ఆసియా క్రీడల్లో, అంటే 2018లో జకార్తాలో, ఇదే పోటీలో స్వర్ణం గెలిచిన అమ్మాయి. రెండు రోజులు, ఏడు ఆటలు, వేల పాయింట్లు. చివరికి ఇద్దరు భారతీయ అమ్మాయిల మధ్య తేడా నాలుగు పాయింట్లు.

ఆ వార్త మన ఇళ్లలో చాలామంది చదివే ఉంటారు. సికింద్రాబాద్‌లో టీ అమ్ముకునే తండ్రి కూతురు, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన పిల్ల పతకం తెచ్చిందని సంతోషించాం. అయితే ఆ పాయింట్లు ఎలా వస్తాయి, నాలుగు పాయింట్లు అంటే నేల మీద ఎంత దూరం, గడియారంలో ఎంత సేపు అన్నది ఎవరూ వివరంగా చెప్పలేదు. అది తెలిస్తే మన పిల్లల ఆటను మనం చూసే తీరు కూడా కొంత మారుతుందని మా నమ్మకం. అందుకే ఈ వివరణ.

ఏడు ఆటలు, రెండు రోజులు

హెప్టాథ్లాన్ అంటే ఏడు అంశాల పోటీ. మొదటి రోజు నాలుగు: 100 మీటర్ల హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్ల పరుగు. రెండో రోజు మూడు: లాంగ్‌జంప్, జావెలిన్, 800 మీటర్ల పరుగు. ఈ వరస మారదు.

ఒక్కో అంశం ఒంటిని ఒక్కో రకంగా అడుగుతుంది. హర్డిల్స్‌లో పది అడ్డంకుల మీదుగా లయ తప్పకుండా పరిగెత్తాలి. హైజంప్‌కు తేలికైన ఒళ్లు, పైకి లేచే శక్తి కావాలి. వెంటనే వచ్చే షాట్‌పుట్‌లో నాలుగు కిలోల గుండు విసరాలి, దానికి బరువు, బలం కావాలి. లాంగ్‌జంప్‌లో పలక మీద అడుగు సరిగ్గా పడాలి. 600 గ్రాముల జావెలిన్ విసరడానికి భుజం కన్నా ఒడుపు ముఖ్యం. ఇవన్నీ అయ్యాక, కాళ్లు మొరాయించే వేళకు, 800 మీటర్లు పరిగెత్తాలి.

ఇక్కడే అసలు చిక్కు. గుండు దూరం పోవాలని కండ పెంచితే హైజంప్‌లో ఆ బరువే కిందికి లాగుతుంది. 800 మీటర్ల కోసం రోజూ దూరాలు పరిగెత్తితే 200 మీటర్ల వేగం తగ్గే ప్రమాదం ఉంది. ఒకదానికి చేసిన సాధన ఇంకొకదానికి అడ్డం పడకుండా చూసుకోవడమే ఈ ఆటలో సగం విద్య.

మగవాళ్లకు పది అంశాల డెకాథ్లాన్ ఉంది. తొలిరోజు 100 మీటర్లు, లాంగ్‌జంప్, షాట్‌పుట్, హైజంప్, 400 మీటర్లు. మలిరోజు 110 మీటర్ల హర్డిల్స్, డిస్కస్, పోల్‌వాల్ట్, జావెలిన్, 1500 మీటర్లు. ఒలింపిక్స్‌లో డెకాథ్లాన్ 1912 నుంచి ఉంది. మహిళలకు మాత్రం 1964లో ఐదు అంశాల పెంటాథ్లాన్‌తో మొదలైంది, 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ నుంచి ఏడు అంశాలయ్యాయి.

పాయింట్లు ఎలా వేస్తారు?

చాలామంది పొరబడేది ఇక్కడే. ఒక అంశంలో మొదట వచ్చినవాళ్లకు ఇన్ని, రెండో స్థానానికి ఇన్ని అని పాయింట్లు ఉండవు. పక్కవాళ్లు ఎంత చేశారన్నదానితో పని లేదు. మీరు ఎన్ని సెకన్లలో పరిగెత్తారు, ఎన్ని సెంటీమీటర్లు దూకారు, ఎన్ని మీటర్లు విసిరారు, అంతే. దాన్ని ప్రపంచమంతా వాడే ఒకే పట్టికలో చూసి పాయింట్లు వేస్తారు. ఆ రకంగా బళ్లారిలో జరిగిన పోటీ పాయింట్లను టోక్యో పోటీ పాయింట్లతో పోల్చవచ్చు.

కొన్ని లెక్కలు చూద్దాం. లాంగ్‌జంప్‌లో 5.50 మీటర్లకు 700 పాయింట్లు, 6 మీటర్లకు 850. హైజంప్‌లో 1.70 మీటర్లకు 855, ఇంకో మూడు సెంటీమీటర్లు పైకి వెళ్తే 891. షాట్‌పుట్‌లో 12 మీటర్లకు 661, 13 మీటర్లకు 727. 800 మీటర్లలో మంచి వేగం దగ్గర ఒక్క సెకను విలువ సుమారు 14 పాయింట్లు.

పట్టికలో ఇంకో సంగతి ఉంది. హర్డిల్స్‌లో 15 సెకన్లకు 842, 14 సెకన్లకు 978, 13 సెకన్లకు 1,124 పాయింట్లు. పదిహేను నుంచి పద్నాలుగుకు దిగితే 136 కలిశాయి, పద్నాలుగు నుంచి పదమూడుకు దిగితే 146 కలిశాయి. పైకి పోయేకొద్దీ మెరుగుపడటం కష్టం కాబట్టి ఆ కష్టానికి పట్టిక కొంచెం ఎక్కువ కూలి ఇస్తుంది.

ఈ పట్టిక అన్ని అంశాలకూ ఒకే రకంగా ఉదారంగా ఉండదు. మేటి అమ్మాయిలకు హర్డిల్స్‌లో వెయ్యి దాటడం మామూలే. షాట్‌పుట్‌లో 900 దాటేవాళ్లు తక్కువ. అంటే పరుగు, దూకుడు బాగున్నవాళ్లకు లెక్క కొంత కలిసొస్తుంది. కోచ్‌లు సాధన గంటలను పంచేటప్పుడు దీన్ని దృష్టిలో పెట్టుకుంటారు.

ఇప్పుడు నాలుగు పాయింట్ల సంగతికి వద్దాం. షాట్‌పుట్‌లో అది ఆరు సెంటీమీటర్లు. జావెలిన్‌లో సుమారు ఒక జానెడు. లాంగ్‌జంప్‌లో ఒకటిన్నర సెంటీమీటరు కూడా కాదు. హర్డిల్స్‌లో సెకనులో నూరో వంతులు మూడు. హాంగ్‌జౌలో చివరి 800 మీటర్లను నందిని 2 నిమిషాల 15.33 సెకన్లలో ముగించి 888 పాయింట్లు సంపాదించింది. అదే పరుగు సెకనులో నాలుగు పదో వంతులు ఆలస్యమై ఉంటే కాంస్యం చేజారేది.

తప్పుకు చోటు తక్కువ

మామూలు లాంగ్‌జంప్ ఫైనల్లో మొదటి ఎనిమిది మందికి ఆరు అవకాశాలు ఉంటాయి. హెప్టాథ్లాన్, డెకాథ్లాన్‌లలో లాంగ్‌జంప్‌కైనా, విసిరే అంశాలకైనా మూడే. మూడుసార్లూ పలక దాటి అడుగు పడితే ఆ అంశంలో సున్నా. పోటీలో కొనసాగవచ్చు, కానీ ఎనిమిది వందల గుంత పూడ్చడం ఎవరి తరం? ఏదైనా అంశంలో అసలు బరిలోకి దిగకపోతే మొత్తం పోటీ నుంచే తప్పుకున్నట్టు లెక్క. తుది జాబితాలో స్థానం ఉండదు.

ఫ్రాన్స్‌కు చెందిన కెవిన్ మేయర్ కథ దీనికి మంచి ఉదాహరణ. 2018లో బెర్లిన్‌లో జరిగిన యూరోపియన్ చాంపియన్‌షిప్‌లో అతనే ఫేవరెట్. లాంగ్‌జంప్‌లో మూడుసార్లూ ఫౌల్ అయ్యాడు, పోటీ వదిలేశాడు. అదే ఏడాది సెప్టెంబరులో తాలాన్స్‌లో 9,126 పాయింట్లతో డెకాథ్లాన్ ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ఒంట్లో సత్తా ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ రెండు రోజుల్లో ఏ ఒక్క గంటా చేయి జారకూడదు.

ధార్వాడ్ నుంచి సికింద్రాబాద్‌కు

ఈ ఆటలో మన ప్రాంతాలకు ముడిపడిన పేరు ఇంకొకటి ఉంది. జె.జె. శోభ. కర్ణాటకలో ధార్వాడ్ దగ్గర పల్లెలో పుట్టి, సికింద్రాబాద్‌కు చేరి, ఆంధ్రప్రదేశ్ తరఫున ఆడిన క్రీడాకారిణి. 2002 బూసాన్, 2006 దోహా ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యాలు ఆమెవే. ఏథెన్స్ ఒలింపిక్స్‌లో పదకొండో స్థానం సాధించింది. అర్జున అవార్డు అందుకుంది.

హైదరాబాద్‌లో 2003లో జరిగిన ఆఫ్రో-ఏషియన్ క్రీడలను చూసినవాళ్లు శోభను మరచిపోరు. ఆరో అంశమైన జావెలిన్‌లో ఆమె చీలమండ మెలిపడింది. మైదానం నుంచి మోసుకుపోయారు. ఇంకా 800 మీటర్లు మిగిలి ఉన్నాయి. పరిగెత్తకపోతే అప్పటిదాకా కూడబెట్టిన పాయింట్లన్నీ వృథా. కాలికి కట్టు కట్టించుకుని వచ్చి ఆ పరుగు పూర్తిచేసింది, స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది, 2004లో, ఢిల్లీలో 6,211 పాయింట్లతో జాతీయ రికార్డు నెలకొల్పింది.

రాష్ట్రాల గీతలు దాటి బతుకుతున్న మన కుటుంబాలకు ఈ కథ కొత్తగా అనిపించదు. పుట్టిన ఊరు ఒక భాషలో, ఆడిన జట్టు ఇంకో భాషలో ఉన్నా పాయింట్ల పట్టిక అందరినీ ఒకే తీరున కొలుస్తుంది.

మన పిల్లల సంగతి

బరంపురం, బళ్లారి, హోసూరు, షోలాపూర్, యానాం, ఎక్కడైనా బడి ఆటల పోటీల్లో ఒక రకం పిల్లలు కనిపిస్తారు. 100 మీటర్లలో మూడో స్థానం, లాంగ్‌జంప్‌లో రెండో స్థానం, షాట్‌పుట్‌లో నాలుగో స్థానం. ఏ కప్పూ ఇంటికి రాదు. ‘అన్నిట్లో వేలు పెడుతుంది, ఒక్కదాంట్లోనూ నిలవదు’ అని ఇంట్లో అనేస్తాం. తొమ్మిదో తరగతి వచ్చేసరికి ఆటలు మాన్పించి ట్యూషన్‌లో చేర్పిస్తాం. ఆడపిల్లల విషయంలో ఇది మరీ తొందరగా జరిగిపోతుంది.

హెప్టాథ్లాన్ లెక్కలో చూస్తే ఆ పిల్ల ఓడిపోలేదు. ఒక్క అంశంలో మొదటి స్థానం తెచ్చుకుని మిగతావాటిలో కుప్పకూలే పిల్ల కన్నా, అన్నిట్లోనూ ముందు వరసలో ఉండే పిల్లకే ఇక్కడ మొత్తం ఎక్కువ వస్తుంది. బడి పోటీల్లో కప్పు ఒక్కో ఆటకు విడిగా ఇస్తారు, మొత్తం కలిపి చూసేవాళ్లు ఉండరు. అందుకే ఈ పిల్లలు ఎవరి కంటా పడరు.

తల్లిదండ్రులు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, పిల్ల ఆడిన ప్రతి అంశంలో సమయం, దూరం, ఎత్తు ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. ఎన్నో స్థానం వచ్చిందన్నది కాదు, కొలత ముఖ్యం. ఆరునెలలకోసారి పోల్చి చూస్తే ఎక్కడ ఎదుగుతోందో తెలుస్తుంది.

రెండోది, బడిలో డ్రిల్లు మాస్టారిని, జిల్లా అథ్లెటిక్స్ సంఘాన్ని అడగండి. జాతీయ అంతర్ జిల్లా జూనియర్ పోటీల్లో 14 ఏళ్లలోపు పిల్లలకు ట్రయథ్లాన్ పేరుతో మూడు అంశాల పోటీలు పెడుతున్నారు. ఇది ఈత, సైకిలు, పరుగు ఉండే ట్రయథ్లాన్ కాదు. పరుగుకు దూకడం, విసరడం లాంటివి కలిపిన పోటీ. అన్నిట్లో కాస్త కాస్త చేయగల పిల్లకు అదే సరైన తొలి మెట్టు.

మూడోది, బరువుల విషయంలో తొందర వద్దు. 18 ఏళ్లలోపు అమ్మాయిలకు గుండు మూడు కిలోలే, జావెలిన్ 500 గ్రాములే. పెద్దవాళ్ల గుండు ఇచ్చి విసరమంటే భుజం, నడుము దెబ్బతింటాయి. హర్డిల్స్, జావెలిన్ మాత్రం తెలిసినవాళ్ల దగ్గరే నేర్పించండి. ఈ రెండింటిలో తప్పు అలవాటైతే వదిలించుకోవడం కష్టం.

నాలుగోది, చిన్నతనంలోనే ‘నీది ఈ ఒక్క ఆటే’ అని గీత గీయకండి. కొన్నేళ్లు అన్నీ ఆడనివ్వండి. తర్వాత ఏదో ఒక్కదాంట్లోనే స్థిరపడినా ఆ పునాది పోదు. భారత హైజంపర్‌గా పేరుపడ్డ తేజస్విన్ శంకర్ డెకాథ్లాన్‌లోనూ దిగి, హాంగ్‌జౌలో 7,666 పాయింట్ల జాతీయ రికార్డుతో రజతం గెలిచాడు. దారి రెండు వైపులా తెరిచే ఉంటుంది.

ఇంకా ఎంత దూరం?

2025లో దక్షిణ కొరియాలోని గుమిలో జరిగిన ఆసియా చాంపియన్‌షిప్‌లో నందిని 5,941 పాయింట్లతో స్వర్ణం గెలిచింది. శోభ 2004లో చేసిన 6,211కు అది ఇంకా 270 తక్కువ. వినడానికి పెద్ద అంకెలా ఉంటుంది. ఏడు అంశాలకు పంచితే ఒక్కోదానికి 39 కూడా కాదు. హైజంప్‌లో అది సుమారుగా కర్ర ఇంకో మూడు సెంటీమీటర్లు పైకి జరపడం. 800 మీటర్లలో మూడు సెకన్లు కూడా కాదు. లాంగ్‌జంప్‌లో ఓ పదమూడు సెంటీమీటర్లు.

ఏ ఒక్కటీ అసాధ్యం కాదు, అన్నీ ఒకే రెండు రోజుల్లో కుదరడమే కష్టం. ఆ కష్టాన్ని అందుకోగల పిల్ల మన వీధి బడిలోనూ ఉండవచ్చు. ఈసారి ఆటల పోటీలకు వెళ్లినప్పుడు మొదట వచ్చినవాళ్లకు చప్పట్లు కొట్టండి, మూడో స్థానంలో నాలుగుసార్లు నిలబడ్డ పిల్ల పేరు కూడా అడిగి తెలుసుకోండి.