ఉద్యోగం కోసం కాపురం

వంద అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్న లోకంలో, ఒక్క ఉద్యోగం కోసం పెళ్లినే అబద్ధమాడిన ఇద్దరు బి.ఏ.ల కథ ‘మిస్సమ్మ’. విజయా సంస్థ 1955 జనవరి 12న విడుదల చేసిన ఈ చిత్రాన్ని ఇంటిల్లిపాదీ కూర్చుని నవ్వుకునే వినోదంగా లెక్కవేయడం పరిపాటి. అయితే అప్పూ నిరుద్యోగమూ తరుముతుండగా పరాయి మగవాడితో ఒకే కప్పు కింద బతకవలసి వచ్చిన ఒక యువతి, తన మనసును తాను ఆలస్యంగా, అయిష్టంగా తెలుసుకోవడమే ఆ నవ్వుల అడుగున ఉన్న అసలు వస్తువు.

కొల్లేటి సీమ సినిమావారిపై ముఖచిత్ర కథనం తలపెడితే పుట్టిన ఊళ్ల జాబితా తయారుచేయడం సులువే గానీ, ఆ జాబితాలోని వారంతా ఒకే చిత్రంలో కలవడం అరుదు. దర్శకుడు ఎల్‌.వి.ప్రసాద్‌ ఏలూరుకు చేరువలోని సోమవరప్పాడులో పుట్టారు. జమీందారు గోపాలం పాత్రధారి ఎస్‌.వి.రంగారావుది, 2022 నుంచి ఏలూరు జిల్లాలో భాగమైన నూజివీడు. దేవయ్య వేషం కట్టిన రేలంగి వెంకట్రామయ్య తాడేపల్లిగూడెంలో స్థిరపడ్డారు. డిటెక్టివ్‌ రాజుగా నవ్వించిన అక్కినేని నాగేశ్వరరావు కొల్లేరు సరస్సుకు నైరుతిన ఉన్న గుడివాడ ప్రాంతం నుంచి వెళ్లినవారు.

మిగతా పూర్వాపరాలు క్లుప్తంగా ఇవి: భారతదేశపు తొలి టాకీ, అనగా మాటలాడే తొలి చిత్రం, ‘ఆలం ఆరా’ (1931)లో చిన్న వేషంతో మొదలైన ప్రసాద్‌కు 1982లో ఫాల్కే పురస్కారం దక్కింది, రవీంద్రనాథ్‌ మైత్ర బెంగాలీ నాటకం ‘మన్మయీ గర్ల్స్‌ స్కూల్‌’కు శరదిందు బందోపాధ్యాయ కథ ‘డిటెక్టివ్‌’ను జోడించి చక్రపాణి అల్లిన ఈ కథకు పింగళి నాగేంద్రరావు మాటలూ పాటలూ, సాలూరు రాజేశ్వరరావు బాణీలూ, మార్కస్‌ బార్ట్‌లీ ఛాయాగ్రహణమూ సమకూరాయి, అదే ఏడాది తమిళంలో ‘మిస్సియమ్మ’గా, 1957లో హిందీలో ‘మిస్‌ మేరీ’గా వచ్చిన రూపాలకూ ప్రసాదే దర్శకులు.

అప్పాపురం జమీందారు తన బడికి భార్యాభర్తలైన పట్టభద్రులే పంతుళ్లుగా కావాలని ప్రకటిస్తాడు. అప్పిచ్చి ఆ వంకన పెళ్లికి వేధిస్తున్న డేవిడ్‌ పీడ వదిలించుకోవాలని మేరీ, పొట్ట గడవక ఎం.టి.రావు ఆ ఉద్యోగానికి ఒడిగడతారు. ఆమె క్రైస్తవురాలు, అతడు హిందువు, సావిత్రి, ఎన్‌.టి.రామారావు ఆ పాత్రలు ధరించారు. లోకం ఎదుట దంపతులుగా, గదిలో బద్ధశత్రువులుగా మెలగవలసిన ఈ ఏర్పాటులో సగటు హాస్యచిత్రం తలుపు చాటు గందరగోళాలనే పిండుకునేది. ప్రసాద్‌ మాత్రం తగువును సంగీత పాఠంలోకి మళ్లించారు.

చిత్రానికి ఆయువుపట్టు ఇక్కడే ఉంది. జమీందారు చిన్న కూతురు సీతకు (జమున) మేరీ పాట నేర్పుతుంది. ఆడపిల్లలు మగవారికి ఎడంగా ఉండాలన్నది ఆ పాట సారాంశం. తరువాత రావు అదే సీతను కూర్చోబెట్టుకుని, అదే బాణీలో, మగవారిని తమ చెప్పుచేతల్లో ఉంచుకునేందుకే ఆడవారు పుట్టారన్న ధోరణిలో ఎదురు పాట నేర్పుతాడు. మొదటిది పి.లీల గొంతు, రెండవది ఎ.ఎం.రాజా గొంతు. నేర్చుకునేది సీతే అయినా తగలవలసిన మాట గోడ అవతలి మనిషికి తగులుతుంది. నేరుగా పోట్లాడుకుంటే గుట్టు రట్టయ్యే ఇంట్లో ఇద్దరు చదువుకున్నవాళ్లు పోట్లాడుకోగల మర్యాదైన మార్గం అదొక్కటే. బాణీ ఒక్కటే కావడంతో, మాటల్లో ఎంత ఎడమొహం పెడమొహంగా ఉన్నా వారి శ్రుతి అప్పటికే కలిసిందన్న సంగతి ప్రేక్షకుడికి ముందే తెలిసిపోతుంది. ఆ ఇద్దరికే తెలియదు. సీత మీద మేరీకి ఈర్ష్య పుట్టాక గానీ ఆమెకు తన మనసు అంతుపట్టదు. ఈ కోపం ఎవరి మీదో ఆమెకే తెలియనట్టు సావిత్రి చూసే చూపుల ముందు పింగళి మాటల చమత్కారం కూడా కాస్త వెలవెలబోతుంది.

ఇంత నేర్పుగా నడిచిన కథ చివరి రీళ్లలో జంకింది. పదహారేళ్ల కిందట తప్పిపోయిన జమీందారు పెద్ద కూతురు మహాలక్ష్మే మేరీ అని పాదం మీది పుట్టుమచ్చ సాక్షిగా రాజు తేల్చడంతో, మతాంతర వివాహమన్న చిక్కు ముడి విప్పకుండానే మాయమవుతుంది. మేరీ తనను తాను తెలుసుకున్నది ఈర్ష్య వల్ల; చిత్రం ఆ ఘనతను పుట్టుమచ్చకు కట్టబెట్టింది. ఎంత అభిమానం ఉన్నవారైనా ఈ చోట దాన్ని వెనకేసుకు రావడం కష్టం.

ఆ వదిలేసిన ముడిని 2022 జూన్‌లో వచ్చిన ‘అంటే సుందరానికీ’ మళ్లీ చేతికి తీసుకుంది. బ్రాహ్మణ యువకుడు సుందరం, క్రైస్తవ యువతి లీలా థామస్‌ (నాని, నజ్రియా) పెద్దల చేత ఔననిపించడానికి ఇంటికో అబద్ధం చెబుతారు: అతడు తనకు పిల్లలు పుట్టరంటాడు, ఆమె తాను గర్భవతినంటుంది. దర్శకుడు వివేక్‌ ఆత్రేయ నిడివి విషయంలో పొదుపు పాటించలేదన్నది నిజమే. అయినా అబద్ధం ఖరీదును పాత్రల చేతే కట్టించిన చిత్రమది. ఏ పుట్టుమచ్చా వచ్చి వారిని గట్టెక్కించదు.

భానుమతి వదిలిన పాత్ర

మేరీ పాత్రకు మొదట తీసుకున్నది పి.భానుమతిని. కొంత చిత్రీకరణ అయ్యాక చక్రపాణితో పేచీ వచ్చి ఆమె తప్పుకోగా, సీతగా నటించవలసిన సావిత్రి మేరీ అయింది, సీత పాత్ర జమునకు దక్కింది. భానుమతి నటించగా, ఆమె భర్త పి.ఎస్‌.రామకృష్ణారావు దర్శకత్వంలో 1954లో విడుదలైన హాస్యచిత్రం పేరు ‘చక్రపాణి’. తాతగారి ఆస్తి కోసం లేని భర్తను చూపించే ఆడపిల్ల కథ అది. అక్కడా అబద్ధపు కాపురమే.

గూడెం రేలంగి

రావును అంటిపెట్టుకుని అప్పాపురం చేరే దేవయ్య బిచ్చగాడిగా పరిచయమవుతాడు. ఆ పాత్ర పాటలను రేలంగి స్వయంగా పాడారు. సంపాదనలో కొంత పెట్టి ఆయన తాడేపల్లిగూడెంలో ‘రేలంగి చిత్రమందిర్‌’ పేరిట సినిమా హాలు కట్టించారు. 1970లో పద్మశ్రీ అందుకున్న ఆయన 1975లో కన్నుమూశారు.