ఇంటిపేర్లు మారిన విమానము

అట్లాంటా విమానాశ్రయమున, ఇంజిన్లు రెక్కల క్రింద గాక తోకకు చేరువగా ఇరుప్రక్కల అమరియుండగా, ఒకవైపు రెండు, మరియొకవైపు మూడు సీట్ల వరుసలతో, పొట్ట నేలకు తగులునేమో యనిపించునంత క్రిందుగా నిలిచియుండు బోయింగ్ 717ను చూచినవారు, అది డెల్టా సంస్థ సొంత బిడ్డయే యనుకొందురు. నిజమునకు అది కడుపులో నుండగనే ఇంటిపేరు మార్చుకొన్నది. మెక్‌డొనెల్ డగ్లస్ వారు ఎండీ-95 అని పిలుచుకొనుచుండగా, 1997లో ఆ సంస్థ బోయింగ్‌లో కలిసిపోయినది. మరుసటి సంవత్సరము బారసాల నాటికి పేరు 717 అయినది.

సంస్థల విలీనమును పత్రికలు పెండ్లితో పోల్చుట పరిపాటి. ఆ పోలిక నాకంతగా రుచింపదు గాని, సారె సంగతి వచ్చునప్పటికి ఒప్పుకొనక తప్పదు. 2001లో ట్రాన్స్ వరల్డ్ ఎయిర్‌లైన్స్ ఆస్తులను అమెరికన్ ఎయిర్‌లైన్స్ కొన్నప్పుడు, సారెగా వచ్చిన ఎండీ-80లు మెట్టినింటి సామానులో ఇట్టే ఇమిడినవి, 717లు ఇమడలేదు. 757ల కథ మరింత విచిత్రము: వెలుపలినుండి చూడ రెండిండ్లవియు కవలలే యైనను, వచ్చినవానికి ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్లు, ఉన్నవానికి రోల్స్‌రాయిస్ ఇంజిన్లు. విడిభాగముల గోదామును, మెకానిక్కుల శిక్షణను, పైలట్ల సిమ్యులేటర్లను రెండేసిగా పోషింపవలసివచ్చుట యే గుమాస్తా లెక్కకును గిట్టుబాటు కాదు. అందుచేత 717లు తరలిపోయి, అట్లాంటా కేంద్రముగా ఎగురుచున్న ఎయిర్‌ట్రాన్ సంస్థను చేరినవి; ఆ 757లలో కొన్ని, అట్టి ఇంజిన్లే వాడుచున్న డెల్టాకు తరువాతికాలమున చేరినవి.

ట్రాన్స్ వరల్డ్ వారి కేంద్రమైన సెయింట్ లూయీ నగరము ఈ విలీనమునకు చెల్లించిన మూల్యము చిన్నది కాదు. కొన్న సంస్థకు అటు షికాగో, ఇటు డల్లస్ కేంద్రములై వెలుగుచుండగా నడుమ మూడవదేల? 2003 నవంబరులో అచటి దినవారీ ప్రయాణములు నాలుగువందలకు పైబడియున్నవి కాస్తా సగమైనవి. పెద్ద విమానముల స్థానమున చిన్న జెట్లు వచ్చినవి. రద్దీ తట్టుకొనుటకని, బ్రిడ్జ్‌టన్ ఊరిలో సుమారు రెండువేల ఇండ్లు కూల్చి, వందకోట్ల డాలర్లకు పైగా వెచ్చించి వేసిన కొత్త రన్‌వే 2006లో తెరుచుకొన్నది. అప్పటికి రద్దీ యెక్కడ?

ఎయిర్‌ట్రాన్‌ను 2011లో సౌత్‌వెస్ట్ కొన్నది. 737లనే నడుపుచుండిన ఆ ఇంట 88 సంఖ్యగల ఈ 717లు పరాయివే యైనవి. డెల్టా వానిని లీజుకు తీసికొని 2013 నుండి నడుపసాగినది. రంగు మారినది, టికెట్టుపై పేరు మారినది, అట్లాంటా మాత్రము మారలేదు. డెల్టా వానిని కోరుకొనుటకు కారణము, 2012లో పైలట్లతో కుదిరిన ఒప్పందములో నున్నది: ఏబది సీట్ల చిన్న జెట్లను తగ్గించి, 717ల రాకకు ముడివేసి, పెద్దతరహా ప్రాంతీయ జెట్లను పెంచుకొనవచ్చును. 2008లో డెల్టాలో విలీనమైన నార్త్‌వెస్ట్ సంస్థతో పాటు సంక్రమించిన మెంఫిస్ కేంద్రము ఆ ఏబది సీట్ల జెట్లమీదనే బ్రతికినది. 2013 సెప్టెంబరులో అది కేంద్రమను హోదా కోల్పోయినది. నార్త్‌వెస్ట్ ఇంటి ముసలి డీసీ-9లు, అనగా 717కు తాతలు, 2014 జనవరి 6న మినియాపొలిస్ నుండి అట్లాంటాకు కడపటి షెడ్యూలు ప్రయాణము చేసినవి.

ప్రయాణికుల సౌకర్యార్థమే ఈ మార్పులని ప్రకటనలు చెప్పును. నేను మాత్రము మొదట గోదామునే చూడుమందును.

ఇక హొనొలులు సంగతి. దీవికిని దీవికిని నడుమ అరగంట, ముప్పాతిక గంట ఎగురుచు, దినమున కనేక పర్యాయములు లేచి దిగుచుండు హవాయియన్ సంస్థ 717లు 2024 సెప్టెంబరున అలాస్కా ఎయిర్‌లైన్స్ చేతికి వచ్చినవి. ఆ కొత్త ఇల్లు కూడ 737ల ఇల్లే.